రాత్రంతా ఛానళ్ళు మార్చే యంత్రం

సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళి, వారం తర్వాత తిరిగి వచ్చేసరికి మా అత్తగారు ఆపేసిన టీవీ ముందు కూర్చుని దీపం వత్తులు చేసుకుంటున్నారు. ఆవిడకి డెబ్భయి తొమ్మిదేళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల గడప దాటలేరు. పొద్దున భక్తి కార్యక్రమం, మధ్యాహ్నం ఒక సీరియలు, రాత్రి వార్తలు. ఆవిడకి కాలక్షేపమంతా అదే. "అదేమిటత్తయ్యా, టీవీ పెట్టుకోలేదేం?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "నేనే నొక్కకూడనిదేదో నొక్కినట్టున్నానమ్మా. మూడు రోజులైంది. అబ్బాయితో చెబితే విసుక్కుంటాడేమోనని ఊరుకున్నాను" అన్నారు.

కేబులు కుర్రాణ్ణి పిలిపించాం. వాడూ వస్తూనే "ఏం నొక్కారు మామ్మగారూ?" అనే అడిగాడు. పెట్టెని పట్టుకుపోయి, మర్నాడు వేరే పెట్టె తెచ్చి బిగిస్తూ అసలు సంగతి బయటపెట్టాడు. కంపెనీవాళ్ళు రాత్రి రెండు గంటలప్పుడు అన్ని ఇళ్ళ పెట్టెలకీ కొత్త సాఫ్ట్‌వేరు పంపించారట. అది ఎక్కుతూ ఉండగా మా వీధిలో కరెంటు పోయింది. మాదొక్కటే కాదు, ఎదురింటివాళ్ళదీ, సందు చివర వాళ్ళదీ కూడా అలాగే చచ్చి కూర్చుంది. మా అత్తగారు ఆ సమయంలో నిద్రపోతున్నారు. ఏమీ నొక్కలేదు.

పెట్టె పోతే మరో పెట్టె వచ్చింది, సరే. కాని పెద్దావిడ మూడు రోజులపాటు గాజుగ్లాసు పగలగొట్టిన చిన్నపిల్లలా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు చూశారూ, అది నాకు మింగుడు పడలేదు. ఇలాంటి పెట్టెని మన ఇంటికి పంపేముందు ఎవరూ పరీక్షించరా? పరీక్షిస్తే ఎలా పరీక్షిస్తారు? ఈ ప్రశ్నలకి జవాబు మా ఇంట్లోనే ఉంది. మా అక్క కూతురు హైదరాబాదులో చేసే ఉద్యోగం అదేనట. ఇన్నాళ్ళూ "కంప్యూటర్లో పని" అంటే అనుకున్నాను గాని, అదేమిటో అడిగిన పాపాన పోలేదు. ఈసారి నిలదీశాను. "చెప్పడమెందుకు పిన్నీ, వచ్చి చూడు" అని ఒక శనివారం వెంటబెట్టుకు వెళ్ళింది. అక్కడ చూసినదీ, అది చెప్పగా తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

ముందు ఈ పెట్టె ఏం చేస్తుందో తెలిస్తే తప్ప, దానికి పరీక్ష ఏమిటో బోధపడదు. పూర్వం కేబులు తీగని నేరుగా టీవీ వెనక గుచ్చేవాళ్ళం గదా. 2011 లో కేబులు చట్టాన్ని సవరించారు. మొదట ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలకూ, తర్వాత 2013 మార్చి 31 గడువుగా మరో 38 నగరాలకూ ఈ పెట్టెని తప్పనిసరి చేశారు. ఆ రెండో జాబితాలో మన హైదరాబాదు, విశాఖపట్నం ఉన్నాయి. అప్పటినుంచి తీగలో వచ్చేది బొమ్మ కాదు, అంకెలు. ఆ అంకెల్ని విప్పి బొమ్మగా మార్చి టీవీకి అందించేదే సెట్ టాప్ బాక్సు. విప్పే పని చేసే భాగాన్ని డీకోడరు అంటారు.

మామూలు టీవీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకు 25 బొమ్మలు. ఉన్నదున్నట్టుగా పంపాలంటే సెకనుకు సుమారు 12 కోట్ల 40 లక్షల బిట్లు కావాలి. అంత ఏ తీగలోనూ వందల ఛానళ్ళకి పట్టదు. అంచేత కుదించి, 30, 40 లక్షల బిట్లతో సరిపెడతారు. ఎలా కుదిస్తారన్నది మనకి తెలియని విద్యేమీ కాదు. పాల లెక్క రాసే క్యాలెండరు తలుచుకోండి. ఒకటో తారీఖున "అర లీటరు పాకెట్లు రెండు, పెరుగు ఒకటి" అని పూర్తిగా రాస్తాం. రెండో తారీఖున "అంతే" అంటాం. మూడో తారీఖున "పెరుగు మానేశాం" అని ఒక్క మార్పు రాస్తాం. నాలుగున మళ్ళీ "అంతే". టీవీ బొమ్మలూ అంతే. ఒక బొమ్మ పూర్తిగా వస్తుంది. తర్వాతవాటికి మారినదేదో మాత్రమే వస్తుంది. వార్తలు చదివే అమ్మాయి పెదవులు కదిలితే పెదవుల సంగతే వస్తుంది, వెనక ఉన్న గోడ సంగతి "అంతే".

ఇప్పుడు మూడో తారీఖు గడిమీద నీళ్ళు పడి "పెరుగు మానేశాం" అన్న ముక్క చెరిగిపోయిందనుకోండి. ఆ తర్వాతి "అంతే"లన్నీ తప్పుల తడకే. మళ్ళీ ఒకటో తారీఖు వచ్చి కొత్తగా పూర్తి లెక్క రాస్తే గాని సర్దుకోదు. వాన పడినప్పుడు కథానాయిక మొహం గళ్ళుగళ్ళుగా చెదిరి, క్షణంలో మళ్ళీ దానంతటదే కుదురుకోవడం మీరు చూసే ఉంటారు. అది ఇదే. ఛానలు మార్చగానే ఒకటి రెండు సెకన్లు తెర నల్లగా ఉండడానికీ ఒక కారణం ఇదే. పెట్టె తర్వాత రాబోయే పూర్తి బొమ్మ కోసం కాచుకుని ఉంటుంది. పాత టీవీ టక్కున మారేది, కొత్తది ఆలోచిస్తుందేమిటని మా ఇంట్లోనూ అందరూ విసుక్కునేవాళ్ళే.

ఇందులో ఒక తిరకాసుంది, పరీక్షలన్నిటికీ మూలం అదేనంది మా అమ్మాయి. కుదించడానికి ప్రపంచమంతటికీ కలిపి కొన్ని ప్రమాణాలు రాసుకున్నారు. 1990 ల నడుమ వచ్చిన ఎంపెగ్-2, 2003 లో హెచ్.264, 2013 లో హెచ్.ఇ.వి.సి. అయితే ఈ పుస్తకాల్లో ఉన్నది కుదించినదాన్ని ఎలా విప్పాలి అన్న నియమమే. ఎలా కుదించాలన్నది కుదించేవాళ్ళ ఇష్టానికి వదిలేశారు. అంటే ఉత్తరం ఎవరు ఏ దస్తూరీతో రాసినా, వ్యాకరణం తప్పనంతవరకూ, చదివేవాడు చదివి తీరాలి. ఒక ఛానలువాళ్ళు ఒకలా కుదిస్తారు, ఇంకొకళ్ళు మరోలా కుదిస్తారు, ఏడాది తిరిగేసరికి యంత్రం మార్చి ఇంకోలా కుదిస్తారు. మన ఇంట్లో పెట్టె మాత్రం అదే. అది పుట్టినప్పటికి ఎవరూ రాయని దస్తూరీని కూడా అది చదవగలగాలి.

అందుకని ప్రమాణం రాసిన సంస్థలే పరీక్షా పత్రాల్లాంటివి కూడా తయారు చేస్తాయి. అవి చిన్నచిన్న కుదించిన చిత్రాలు. చూడడానికి సొంపుగా ఉండేవి కావు. వ్యాకరణంలో ఉన్న మూలమూలలా తడిమి చూడడానికి కావాలని వంకరగా రాసినవి. వాటిని పెట్టె చేత విప్పించి, రావలసిన జవాబుతో పోల్చి చూస్తారు.

ఎంపెగ్-2 కాలంలో ఈ పోల్చడంలో కొంచెం చిక్కుండేది. విప్పేటప్పుడు దశాంశ భిన్నాలతో లెక్క చేయాలి, చివర్న పూర్ణాంకానికి సర్దాలి. ఒక పెట్టె పైకి సర్దితే ఇంకోటి కిందికి సర్దవచ్చు, కాస్త తేడాని ప్రమాణమే ఒప్పుకుంది. కిరాణా కొట్లో పైసలు వదిలేసినట్టు. కాని ఆ పైసలు ప్రతి బొమ్మకీ "అంతే, అంతే" అంటూ పోగై, తర్వాతి పూర్తి బొమ్మ వచ్చేలోగా రంగు లీలగా మారిపోవచ్చు. అంచేత "జవాబు ఎంత దగ్గరగా ఉంది" అని చూడవలసి వచ్చేది. హెచ్.264 లో ఈ లెక్కలన్నీ పూర్ణాంకాలతోనే జరిగేలా కట్టారు. ఎవరు విప్పినా చివరి చుక్కదాకా ఒకే జవాబు రావాలి. ఒక్క చుక్క తేడా వచ్చినా తప్పే. ఇక పోల్చడం తేలిక. బొమ్మలోని చుక్కలన్నిటినీ కలిపి లెక్కగట్టి ఒక చిన్న ముద్రసంఖ్య తీస్తారు. రెండు ముద్రలూ కలిస్తే ప్యాసు, కలవకపోతే ఫెయిలు. మధ్యలో ఫస్టు క్లాసు, సెకండు క్లాసు లేవు.

ఇంతవరకూ ఇది డీకోడరు చిప్పుకి పరీక్ష. ఇది ప్యాసయినంత మాత్రాన ఇంట్లో పెట్టె సరిగ్గా పనిచేస్తుందని చెప్పలేం. లెక్కల్లో నూటికి నూరు వచ్చిన పిల్లవాడు బజారుకెళ్ళి చిల్లర సరిగా తేవాలని ఎక్కడుంది? అసలు నేను చూడ్డానికి వెళ్ళింది ఆ రెండో పరీక్షనే.

ఒక పొడుగాటి గది. గోడ పొడుగునా ఇనుప అరలు. ప్రతి అరలోనూ పెట్టెలు వరసగా, మా ఇంట్లోదాని లాంటివే. మనుషులు లేరు. టీవీలూ లేవు. ప్రతి పెట్టె మొహానికీ ఒక చిన్న నల్లటి బిళ్ళని అంటించి, చుట్టూ నల్ల టేపు చుట్టేశారు, కంటికి ఆపరేషనైన వాళ్ళకి కట్టు కట్టినట్టు. ఆ బిళ్ళే రిమోటు. మన చేతిలోని రిమోటు కంటికి కనబడని ఎర్రని వెలుగుని సెకనుకు ఇంచుమించు 38 వేలసార్లు మిణకరిస్తూ, ఆ మిణుకుల్ని తునకలు తునకలుగా పంపి సంకేతం చెబుతుంది గదా, ఆ పనే ఈ బిళ్ళ కంప్యూటరు చెప్పినట్టు చేస్తుంది. మరి నల్ల టేపు ఎందుకంటే, పక్క పెట్టె రిమోటు సంకేతం దీనికి కూడా వినబడితే మొత్తం వరసంతా ఒకేసారి ఛానలు మార్చేస్తుందట. ఒకే పేరున్న పిల్లలు నలుగురున్న క్లాసులో హాజరు పిలిచినట్టే.

పెట్టె వెనక నుంచి టీవీకి పోవలసిన తీగ ఒక కార్డులోకి వెళుతుంది. టీవీకి బదులు కంప్యూటరే ఆ బొమ్మని చూస్తుంది. ఏం నొక్కాలో, నొక్కాక ఏం కనబడాలో ముందే వరసగా రాసి పెడతారు. వంట చేసే విధానం రాసుకున్నట్టే ఉంటుందది. మెనూ నొక్కు. రెండు సెకన్లలో ఫలానా బొమ్మ రావాలి. రాకపోతే ఆ తెరని ఫోటో తీసి దాచి, తప్పు అని రాయి. కింది బాణం మూడుసార్లు నొక్కు. ఇలా సాగుతుంది. మెనూ మూలలో గడియారం ఉంటుంది, దాని అంకెలు మారుతూ ఉంటాయి కనుక ఆ చోటుని "చూడనట్టు వదిలెయ్" అని కూడా చెప్పాలి. చెప్పకపోతే నిమిషానికొకసారి "తప్పు, తప్పు" అంటుంది.

యంత్రం అడిగే ప్రశ్నలు చాలా మొద్దువి. తెర నల్లగా ఉందా? వరసగా వచ్చే బొమ్మల్లో తేడా ఉందా, లేక ఒకే బొమ్మ కొయ్యబారిపోయిందా? గళ్ళుగళ్ళుగా చెదిరిందా? శబ్దం వస్తోందా? ఒకసారి రాత్రంతా నడిపిన పరీక్షలో ఒక తెలుగు ఛానలు దగ్గర మాత్రం "బొమ్మ ఆగిపోయింది" అని పదేపదే వచ్చిందట. ఉత్తరాది కుర్రాడొకడు మూడు గంటలపాటు పెట్టెని విప్పి తంటాలు పడ్డాడట. మా అమ్మాయి వచ్చి చూస్తే తెల్లవారుజామున వేంకటేశ్వరస్వామి పటం పెట్టి సుప్రభాతం వినిపిస్తున్నారు! కదలని పటం కదలకుండానే ఉంటుంది మరి. అప్పటినుంచి బొమ్మ ఆగినా శబ్దం సాగుతుంటే కాస్త ఓపిక పట్టమని యంత్రానికి నేర్పారు.

పెదవులు ఒకచోట, మాట ఇంకోచోట ఉండే జబ్బు ఉంది చూశారూ, దానికి వేరే పరీక్ష. ఒక తెల్లని మెరుపు, సరిగ్గా అదే క్షణానికి ఒక "పీ" మనే చప్పుడు ఉండే చిత్రాన్ని వేసి, పెట్టెలోంచి బయటికి వచ్చేసరికి రెండిటికీ మధ్య ఎంత ఎడం వచ్చిందో కొలుస్తారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం ఈ విషయంలో మనుషుల చెవుల్నీ కళ్ళనీ బట్టి కొలతలు పెట్టింది. మాట బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనకి తేడా తెలిసిపోతుందట. వెనకొస్తే మాత్రం 125 దాకా తెలియదట. ఎందుకిలా అని నేను అడిగితే మా అమ్మాయికి నవ్వొచ్చింది. "పిన్నీ, నువ్వు చిన్నప్పుడు కాలవ అవతలి గట్టున బట్టలు ఉతికేవాళ్ళని చూసేదానివి కాదూ? బట్ట బండకి తగిలాక గదా చప్పుడు వినబడేది" అంది. నిజమే. మెరుపు తర్వాతే ఉరుము. చప్పుడు ఆలస్యంగా రావడం పుట్టినప్పటినుంచీ ఎరుగుదుం. ముందుగా రావడం ఎక్కడా ఎరగం.

ఇవన్నీ మనిషే చూడవచ్చు గదా, యంత్రమెందుకు అనిపిస్తుంది. పూర్వం మనుషులే చూసేవారట. రిమోటు పట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా నొక్కడమే పని. మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరు నెలలు అదే చేసి, బొటనవేలు వాపుతో ఇంటికి వచ్చింది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక పెట్టె వెయ్యిసార్లు ఛానలు మారిస్తే ఒక్కసారి బిగుసుకుపోతుందనుకోండి. ఒక మనిషి వందసార్లు మార్చి చూస్తే, ఆ తప్పు కంటబడకుండా తప్పించుకునే అవకాశం నూటికి తొంభై. "బాగానే ఉంది" అని సంతకం పెట్టేస్తారు. అదే పెట్టె లక్ష ఇళ్ళకి వెళ్ళి, ఇంటికి రోజుకి యాభైసార్లు ఛానలు మారిస్తే, రోజూ అయిదువేల ఇళ్ళలో టీవీ బిగుసుకుంటుంది. అయిదువేల ఇళ్ళలో ఎవరో ఒకరు "ఎవరు ఏం నొక్కారు?" అని అడుగుతారు. ఎక్కువగా ఆ ప్రశ్న ఎవరికి ఎదురవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

యంత్రమైతే పది సెకన్లకొకసారి చొప్పున ఎనిమిది గంటల రాత్రిలో 2,880 సార్లు మారుస్తుంది. ఒక అరలో పది పెట్టెలుంటే దానికి పది రెట్లు. విసుగు లేదు, కాఫీ అక్కర్లేదు. పొద్దున వచ్చేసరికి ఎక్కడెక్కడ తప్పిందో ఫోటోలతో సహా జాబితా ఉంటుంది.

మా వీధి కరెంటు సంగతి కూడా అడిగాను. దానికీ పరీక్ష ఉంది. పెట్టెకి కరెంటు ఇచ్చే ప్లగ్గుని కంప్యూటరు తనే ఆపి వేస్తుంది. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కడం మొదలుపెట్టాక మూడో సెకనులో ఒకసారి, ఏడో సెకనులో ఇంకోసారి, సరిగ్గా చివరి క్షణంలో మరోసారి, ఇలా వందలసార్లు కరెంటు తీసి, ప్రతిసారీ పెట్టె మళ్ళీ లేచిందా లేదా చూస్తారు. సరిగ్గా కట్టిన పెట్టెలో సాఫ్ట్‌వేరుకి రెండు గదులుంటాయి. పాతది ఒక గదిలో భద్రంగా ఉండగానే కొత్తది రెండో గదిలోకి ఎక్కుతుంది. పూర్తిగా ఎక్కి సరిచూసుకున్నాకనే అటు మారుతుంది. మధ్యలో కరెంటు పోతే పాత గదిలోంచి లేస్తుంది. పాలు విరగవని తెలిశాకే పాత గిన్నె కడుగుతాం గదా మనం. రెండో గదికి జాగా కావాలి, జాగాకి డబ్బు కావాలి. చవక పెట్టెల్లో ఒక్కొక్కప్పుడు ఆ ఖర్చు మిగిల్చుకుంటారు. మా ఇంట్లో చచ్చిన పెట్టెలో ఏముందో నాకు తెలియదు గాని, కరెంటు పోవడమన్నది ఈ దేశంలో ఎవరూ ఊహించలేని ప్రమాదమంటే మాత్రం నేను ఒప్పుకోను.

టీవీ పెట్టెలతో మన హైదరాబాదుకి చాలా పాత సంబంధమే ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా వాళ్ళ ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు చూపించారు, సైట్ అనేవారు దాన్ని. మన తెలుగు పల్లెలూ అందులో ఉన్నాయి. ఆ టీవీలు మన ఇ.సి.ఐ.ఎల్. లో తయారైనవే. ఊరికి ఒకటే టీవీ, పైన కోళ్ళ గూటికి వేసే వలలాంటి దానితో చేసిన పెద్ద గొడుగు. పాడైతే ఊరంతటికీ పాడైనట్టే. అందులో ఒక సుఖముంది, తప్పు ఒక్కళ్ళ నెత్తిన పడేది కాదు.

యంత్రానికి చేతకానివి కూడా చూశాను. రిమోటు మీద అంకెలు చత్వారం ఉన్నవాళ్ళకి కనబడతాయా అన్నది దానికి తెలియదు. దానికి రిమోటే లేదు. కార్యక్రమాల పేర్లు తెలుగులో చూపించేటప్పుడు ఒత్తు అక్షరాలు విడిపోయి, పొల్లు ఒకచోట, ఒత్తు కావలసిన అక్షరం పక్కన విడిగా పడితే, మనకి చూడగానే ఒళ్ళు మండుతుంది. మొదటిసారి ఆ తప్పు బొమ్మనే "సరైన బొమ్మ" అని తెలుగు రానివారెవరో దాచి ఉంటే, యంత్రం ఆ తప్పుతోనే పోల్చి రోజూ ప్యాసు వేస్తుంది. "మీ గదిలో అరవై దాటినవాళ్ళని ఒక్కరినైనా కూర్చోబెట్టి రిమోటు ఇచ్చి చూశారా?" అని అడిగితే మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

ఇక మనకి పనికొచ్చే సంగతులు నాలుగు అడిగి రాసుకొచ్చాను. బొమ్మ ఆగిపోతే ముందు రిమోటులో మెనూ నొక్కి చూడండి. మెనూ శుభ్రంగా వచ్చి, ఛానలు మాత్రమే గళ్ళుగా ఉంటే పెట్టె బతికే ఉంది, లోపం తీగలోనో పైనుంచి వచ్చే సంకేతంలోనో ఉంటుంది. మెనూ కూడా రాకపోతే ముందు రిమోటుని అనుమానించాలి. సెల్‌ఫోను కెమెరా తెరిచి, రిమోటు కొనని దాని వైపు పెట్టి నొక్కితే, చాలా ఫోన్లలో చిన్న వెలుగు మిణుకుమనడం కనబడుతుంది. వెనక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాలో చూడండి. వెలుగు వస్తున్నా పెట్టె కదలకపోతే అప్పుడు పెట్టె బిగుసుకున్నట్టు. ప్లగ్గు తీసి, నిమిషం ఆగి పెట్టండి. తెరమీద సాఫ్ట్‌వేరు మారుతోందని రాసి ఉంటే మాత్రం ఎంతసేపైనా ముట్టుకోవద్దు. పెట్టె మీద క్రోషియా గుడ్డ కప్పకండి. నేనూ అల్లి కప్పినదాన్నే, తీసేశాను. గాలి ఆడక వేడెక్కితే బిగుసుకోవడం ఎక్కువవుతుందట.

ఫిర్యాదు చేసేటప్పుడు "టీవీ రావట్లేదు" అని ఊరుకోకుండా, ఏ ఛానలు, ఎన్ని గంటలకి, మెనూ వచ్చిందా లేదా, ఈ మూడూ చెప్పమంది. ఆ మూడూ తెలిస్తే వాళ్ళ గదిలో యంత్రం చేత అదే తప్పుని మళ్ళీ చేయించవచ్చట. మా అత్తగారితో ఈ మాట చెప్పాను. పాల లెక్క క్యాలెండరులో చివరి పేజీ వెనక ఆవిడ ఇప్పుడు పెన్సిలుతో రాసి పెడుతున్నారు. ఇప్పటికి నాలుగు పంక్తులైంది. "నేనేమీ నొక్కలేదు" అని ప్రతి పంక్తి చివరా రాస్తున్నారు.